మోడులకు సాక్ష్యమిచ్చిన ఫొటోలు

మన సంఘాలలో పాత ఫొటోలకు కొదువ లేదు. మందిర ప్రతిష్ఠ, వివాహాలు, క్రిస్మస్ కూడికలు, అన్నీ దాచుకుంటాము. వెనుక కనబడే చేను మాత్రం ఎవరికీ పట్టదు. అటువంటి చేలే సాక్ష్యమిచ్చిన ఒక సంగతి చదివి మేము సంతోషించాము.

నైజర్ దేశం సహారా ఎడారి అంచున ఉన్నది. ఆస్ట్రేలియా నుండి అక్కడికి మిషనెరీగా వెళ్ళిన వ్యవసాయ నిపుణుడు టోనీ రినాడో ఎన్నో మొక్కలు నాటించారు. అధికభాగం చచ్చిపోయాయి. 1983లో ఒకనాడు ఇసుకదారిలో బండి టైర్ల గాలి తగ్గించడానికి దిగినప్పుడు ఒక పొద ఆయన కంటబడింది. దగ్గరకు వెళ్ళి ఆకు చూడగా అది పొద కాదు, నరికిన చెట్టు మోడు నుండి లేచిన పిలకలు! వేళ్ళు నేలలో బ్రతికే ఉన్నాయి. మంచి పిలకలు కొన్ని ఉంచి, మిగతావి కోసి, కాపాడుకుంటే చాలునని ఆయన రైతులకు చెప్పసాగారు. మొదట నవ్వినవారే ఎక్కువ. యోబు గ్రంథము 14వ అధ్యాయము చదివే మనకైనా మోడు మీద ఎంత నమ్మకమున్నది?

పని ఊరూరా పాకింది. అయితే ఎంత పాకిందో తెలిసేదెట్లు? నాటిన చెట్లు కావు గనుక ఏ నర్సరీ లెక్కలలోను అవి లేవు. అమెరికా భూగోళ శాస్త్రజ్ఞుడు గ్రే టాపన్ 1975లో విమానం నుండి తీసిన ఫొటోలను, తరువాతి ఉపగ్రహ చిత్రాలను ప్రక్కప్రక్కన పెట్టి చూచారు. పైనుండి చూస్తే ఒక్కొక్క చెట్టు ఒక నల్లని చుక్క. గల్మా గ్రామపు 1975 ఫొటోలో చుక్కలు పలుచన, 2003 చిత్రంలో దట్టం. ఇండ్లు కూడ పెరిగాయి! జనం పెరిగితే చెట్లు తరిగిపోతాయని గదా మనం అనుకునేది. ఈ విధంగా చెట్లు తిరిగి లేచిన నేల సుమారు 50 లక్షల హెక్టార్లని అంచనా వేశారు.

పచ్చదనం ఒక్కటే చూస్తే మోసపోతాము. మంచి వాన పడితే గడ్డి కూడ ఉపగ్రహానికి పచ్చగానే కనబడుతుంది. 30 మీటర్ల గడిని ఒక్క చుక్కగా చూపే చిత్రంలో ఒంటరి చెట్టు తేలదు. మరొక చిక్కు, అక్కడి గావో చెట్టు వానాకాలంలో ఆకు రాల్చి ఎండలలో పచ్చగా ఉంటుంది. నెల చూచుకోకుండా తీస్తే బ్రతికిన చెట్టును చచ్చినదని వ్రాసుకుంటాము.

మన యువజనులు ఈ పని చేయవచ్చును. మందిరపు మెట్ల వంటి కదలని చోటు నుండి, ఏటా అదే నెలలో, అదే వైపు చెరువుగట్టును ఫొటో తీయండి. తేదీ వ్రాసి సంఘపు రిజిస్టరులో పెట్టండి.