చక్రాల గదిలో రేడియో, టీవీ

ఒక కుటుంబం ఖమ్మం నుంచి కారులో బయలుదేరిందనుకోండి. కారు వెనుక చిన్న ట్రైలరు తగిలించారు. అందులో రెండు పడకలు, ఒక బల్ల, ఒక కిటికీ ఉన్నాయి. ఇల్లు అనడానికి చిన్నదే, అయినా చక్రాలున్న ఇల్లు! కొత్తగూడెం, పాల్వంచ దాటి, భద్రాచలం ఇంకా కొంత దూరం ఉందనగా అడవి అంచున ఒక ఊరి పక్కన ఆగారు. మర్నాడు శ్రీరామనవమి. రాత్రి పొద్దుపోయేదాకా కారు బ్యాటరీతో పాటలు విన్నారు. తెల్లవారి తాళం తిప్పితే కారు ‘టక్’మని ఊరుకుంది. మామ్మగారు కల్యాణం చూద్దామని టీవీ పెట్టమన్నారు. అదీ వెలగలేదు.

తప్పు కారుదా? టీవీదా? రెండింటిదీ కాదు, లెక్కది. ఇంట్లో మీట నొక్కితే ఎంత కావాలంటే అంత విద్యుత్తు వస్తుంది. చక్రాల ఇంట్లో అలా కాదు. అక్కడ విద్యుత్తు బిందెలో నీళ్లలాంటిది. ఎన్ని చెంబులు తోడుకుంటామో ముందే లెక్క వేసుకోవాలి. ఆ లెక్క ఏమిటో చూద్దాం.

రఘుపతి వెంకయ్య పెట్టె

వినోదాన్ని ఊరూరా మోసుకెళ్లడం మనవాళ్లకు కొత్త కాదు. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫొటోగ్రాఫరుగా స్థిరపడిన రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని తెప్పించారు. గుడారాలు వేసి, దానితో పలుచోట్ల బొమ్మలు ఆడించారు. అందులో బొమ్మ ఆడించే యంత్రానికి గ్రామఫోను జతచేసి ఉండేది. మరి అంత పెద్ద గుడారంలో గ్రామఫోను పాట అందరికీ ఎలా వినిపించింది? ఈనాటి యాంప్లిఫయర్లు అప్పటికి లేవు. ఒత్తిడితో నింపిన గాలిని ఊది శబ్దాన్ని పెద్దది చేసేవారు. అంటే యంత్రంతో పాటు దాన్ని నడిపే శక్తినీ వెంట తీసుకుపోవలసి వచ్చేదన్నమాట. మన ట్రైలరు సమస్య కూడా అదే.

బిందెలో ఎన్ని చెంబులు?

బ్యాటరీ మీద ‘12 వోల్టులు, 100 ఆంపియర్-గంటలు’ అని రాసి ఉంటుంది. ఒక ఆంపియరు చొప్పున వాడితే 100 గంటలు, 5 ఆంపియర్ల చొప్పున వాడితే సుమారు 20 గంటలు వస్తుందని దీని అర్థం. ఒక పరికరం ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుందో తెలియాలంటే దాని వాట్లను వోల్టులతో భాగించండి. 24 వాట్ల టీవీ 12 వోల్టుల మీద 2 ఆంపియర్లు తీసుకుంటుంది.

మన ట్రైలరులో ఒక పగలు, ఒక రాత్రి ఖర్చు ఇలా ఉంటుంది:

చిన్న ఎల్ఈడీ టీవీ: 2 ఆంపియర్లు, 4 గంటలు – 8 ఆంపియర్-గంటలు
డిష్ సెట్‌టాప్ పెట్టె: 1 ఆంపియరు, 4 గంటలు – 4
పాటల పెట్టె: 1 ఆంపియరు, 3 గంటలు – 3
రేడియో: 0.1 ఆంపియరు, 10 గంటలు – 1
రెండు సెల్‌ఫోన్లకు చార్జింగు – 3
దీపాలు: 0.5 ఆంపియరు, 6 గంటలు – 3
చిన్న ఫ్యాను: 2 ఆంపియర్లు, 9 గంటలు – 18
మొత్తం – 40 ఆంపియర్-గంటలు

చూశారా? అందరూ టీవీనే అనుమానిస్తారు గాని అసలు తిండిపోతు ఫ్యాను! రేడియో అయితే పది గంటలు పాడినా ఒక్క ఆంపియర్-గంటతో సరిపెట్టుకుంటుంది. ఇళ్లలో కరెంటు లేని కాలంలోనూ ట్రాన్సిస్టరు రేడియో పల్లెపల్లెకూ చేరడానికి ఇదొక కారణం. భద్రాచల సీతారామ కల్యాణానికి ఉషశ్రీ గారు ఆకాశవాణిలో చెప్పిన ప్రత్యక్ష వ్యాఖ్యానాన్ని ఎందరో టార్చిలైటు బ్యాటరీలతో నడిచే రేడియోల్లోనే విన్నారు.

40 కావాలి కాబట్టి 40 ఆంపియర్-గంటల బ్యాటరీ చాలునా? చాలదు. సీసం–ఆమ్లం బ్యాటరీని ప్రతిసారీ అడుగంటా వాడేస్తే దాని పలకలు త్వరగా పాడవుతాయి. సగం దాకా వాడి ఆపడం మంచిది. అందుచేత 80కి తగ్గకూడదు. 100 ఉంటే నిశ్చింత. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే నూటికి 80 వంతుల వరకూ వాడుకోవచ్చు, బరువు కూడా సగంకంటే తక్కువ. కాని ధర ఎక్కువ.

కారు బ్యాటరీ సంగతి వేరు. ఇంజను తిప్పడానికి కొద్ది సెకన్లపాటు వంద ఆంపియర్లకు పైగా ఇవ్వడం దాని పని. అందుకని దాని పలకలు పలచగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. గంటల తరబడి కొద్దికొద్దిగా ఇవ్వడం దానికి పడదు. మన కుటుంబం కారులో ఉన్నది 35 ఆంపియర్-గంటల బ్యాటరీ. పాటల పెట్టె గంటకు 4 చొప్పున 8 గంటల్లో 32 తాగేసింది. ఇక ఇంజను తిప్పడానికి ఏం మిగిలింది? కాబట్టి మొదటి నియమం: వినోదానికి వేరే బ్యాటరీ ఉండాలి. కారు బ్యాటరీని ముట్టుకోకూడదు.

మార్పిడిలో తరుగుదల

బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తును ఇన్వర్టరు 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తుగా మారుస్తుంది. టీవీ అడాప్టరు దాన్ని మళ్లీ 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది! ఒక్కో మార్పిడిలో నూటికి 15 వంతులు వేడిగా పోయాయనుకుంటే చివరికి చేరేది 72 వంతులే. అందుకే ట్రైలరుకు నేరుగా 12 వోల్టులతో నడిచే టీవీని ఎంచుకోవాలి. అయితే చార్జింగు జరిగేటప్పుడు బ్యాటరీ వోల్టేజి 14 దాటుతుంది. టీవీ దాన్ని తట్టుకోలేకపోతే మధ్యలో వోల్టేజిని స్థిరపరిచే చిన్న పరికరం పెట్టాలి.

అడవిలో ఎండ ఎక్కడ?

ఖాళీ అయిన బిందెను నింపేది సూర్యుడు. 100 వాట్ల సౌరఫలకానికి రోజుకు 5 గంటల నిండు ఎండతో సమానమైన వెలుగు దొరికితే 500 వాట్-గంటలు రావాలి. దుమ్ము, వంపు, వేడి కలిసి దాన్ని 350–400కు దించుతాయి. ఎండాకాలంలో కొత్తగూడెం వైపు ఎండల సంగతి మీకు తెలుసు కదా! ఫలకం వేడెక్కేకొద్దీ ప్రతి డిగ్రీకి నూటికి సుమారు 0.4 వంతు శక్తి తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర కొలిచిన ఫలకం 65 డిగ్రీలకు చేరితే 16 వంతులు పోయినట్లే. మన ఖర్చు 40 ఆంపియర్-గంటలు, అంటే 480 వాట్-గంటలు. ఫలకం చాలావరకు పూడ్చగా బ్యాటరీ నుంచి రోజుకు సుమారు 10 ఆంపియర్-గంటలే తగ్గుతాయి. ఫలకం లేకుంటే ఒక్క రోజు గడిచే చోట నాలుగైదు రోజులు గడుస్తాయి.

ఇక్కడ అడవి ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. మనుషులకు నీడ కావాలి, ఫలకానికి ఎండ కావాలి. ఫలకంలోని సౌరఘటాలు వరసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి. వాటిలో కొన్నింటి మీద టేకాకు నీడ పడ్డా ఆ వరస అంతటా ప్రవాహం తగ్గిపోతుంది. కాబట్టి ట్రైలరును చెట్టు కింద నిలిపి, ఫలకాన్ని ఎండలో పరిచి, తీగతో కలపాలి.

ఆ తీగ ఎంత లావుండాలి? ఫలకం 10 మీటర్ల దూరంలో ఉంటే, పోవడానికీ రావడానికీ కలిపి 20 మీటర్ల రాగి తీగ కావాలి. ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న తీగకు నిరోధం 0.35 ఓములు. 5 ఆంపియర్లు ప్రవహిస్తే 5 × 0.35 = 1.75 వోల్టులు దారిలోనే పోతాయి. 18 వోల్టులిచ్చే ఫలకానికి అది దాదాపు పదో వంతు! 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే నష్టం 0.44 వోల్టే.

ఆకాశం నుంచి బొమ్మ

ఇళ్లపై చేపముల్లు ఆకారపు యాంటెన్నాలు ఉన్న రోజులు పోయాయి. దూరదర్శన్ తన పాత భూతల ప్రసార కేంద్రాలను దాదాపు అన్నింటినీ మూసివేసింది. ఇప్పుడు నెలసరి రుసుము లేని డీడీ ఫ్రీ డిష్ ప్రసారాలు 2015 నవంబరులో ప్రయోగించిన జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తాయి. అది భూమధ్యరేఖకు పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది.

భద్రాచలం ఉన్నది సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.9 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర. లెక్క కడితే ఉపగ్రహం అక్కడి నుంచి ఆగ్నేయంగా, అంటే దక్షిణం నుంచి తూర్పుకు 36 డిగ్రీలు జరిగి, నేల నుంచి 65 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఇది అడవిలో మనకు మేలు. 15 మీటర్ల చెట్టయినా ఆ దిక్కున 7 మీటర్ల లోపు ఉంటేనే అడ్డం వస్తుంది. కొమ్మల విస్తీర్ణానికి మరికాస్త కలుపుకుంటే చాలు.

డిష్‌ను ట్రైలరు కప్పు మీద పెట్టకండి. 60 సెంటీమీటర్ల డిష్ మూడు డిగ్రీల ఇరుకు కిరణాన్నే పట్టుకుంటుంది. ఎవరైనా లోపలికి ఎక్కితే ట్రైలరు స్ప్రింగుల మీద ఊగి బొమ్మ చెదిరిపోతుంది. నేల మీద స్టాండు వేసి, దానికి రాళ్ల బరువు పెట్టాలి.

1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకూ సైట్ అనే ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2400 గ్రామాలు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా టీవీ చూశాయి. అప్పటి డిష్ వ్యాసం 3 మీటర్లు. దాన్ని కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వలతో చేశారు! ఆ తరంగాల పొడవు సుమారు 35 సెంటీమీటర్లు కాబట్టి వల కన్నాలు వాటికి కన్నాలుగానే లెక్క కాదు. ఇప్పటి తరంగాల పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. అందుకే చిన్న డిష్ సరిపోతుంది.

రేడియోకు ఇంకో ఇబ్బంది ఉంది. ట్రైలరుది రేకు గోడలైతే ఎఫ్ఎం తరంగాలు లోపలికి సరిగా రావు. 75 సెంటీమీటర్ల కడ్డీని బయట నిలిపి తీగతో కలిపితే పాట స్పష్టంగా వస్తుంది. పక్కనే చవక ఇన్వర్టరు ఉంటే రేడియో గరగరలాడుతుంది. దూరంగా జరపండి.

ప్రమాదాలు, మర్యాదలు

బ్యాటరీ 12 వోల్టులదే గదా అని చులకన చేయకూడదు. దాని రెండు కొనలు పొరపాటున కలిస్తే వందల ఆంపియర్లు ప్రవహించి తీగ ఎర్రగా కాలుతుంది. చిన్న గదిలో అదే అగ్నిప్రమాదం. అందుచేత ధన ధ్రువం పక్కనే ఫ్యూజు ఉండాలి. సీసం బ్యాటరీ చార్జింగులో హైడ్రోజన్ వెలువడుతుంది. దాని పెట్టెకు బయటికి గాలి పోయే దారి ఉండాలి. గతుకుల దారిలో మరలు వదులవుతాయి, వదులైన అతుకు వేడెక్కుతుంది. ప్రయాణం ముగియగానే వాటిని పెద్దవాళ్లు ఒకసారి బిగించాలి.

మర్యాద మాటకొస్తే, పాల్వంచ దగ్గరి కిన్నెరసాని అభయారణ్యం సుమారు 635 చదరపు కిలోమీటర్లు. దుప్పులు, ఎలుగుబంట్లు, జలాశయంలో మొసళ్లు దాని నివాసులు. అటవీశాఖ అనుమతి లేకుండా లోపల బస చేయకూడదు. బయట ఆగినా, మన పాట పక్కనున్న కోయ గూడేన్నీ నిద్రపోనివ్వదు, చీకట్లో చెవులతోనే దారి వెతుక్కునే జంతువులనూ బెదరగొడుతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఆ బాధ లేదు, విద్యుత్తూ ఆదా.

ఇక మన కుటుంబం దగ్గరికి వద్దాం. ఊళ్లోని ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి కారు నడిపించారు. మరుసటి ఏడు వేరే బ్యాటరీ, ఎండలో ఫలకం, నేల మీద డిష్ పెట్టుకుని వచ్చారు. మిట్టమధ్యాహ్నం కల్యాణం జరుగుతుంటే, ఆ ఎండలో, ఆ జనంలో నిలబడలేని మామ్మగారు చెట్టు నీడన కూర్చుని టీవీలో తలంబ్రాల దాకా చూశారు. సాయంత్రం కారు మొదటి తిప్పుకే కదిలింది.

చేసి చూడండి: చిన్న ఎఫ్ఎం రేడియోను పాడుతుండగా గుడ్డలో చుట్టండి. పాట ఆగదు. దాని మీద వంటింటి అల్యూమినియం కాగితాన్ని సందు లేకుండా చుట్టి, స్పీకరు దగ్గర సూదితో చిన్న చిన్న రంధ్రాలు పొడవండి. శబ్దం బయటికి రాగలదు, మరి పాట ఏమైంది? కోళ్ల గూటి వలను గుర్తు చేసుకుంటే జవాబు మీకే తోస్తుంది.