కారు చేతికిచ్చిన రోజు చిరునవ్వు

పల్లెటూరి కుటుంబం కారు కొన్నదంటే అది సరదాకు కొన్నది కాదు. దాని వెనుక ఏదో ఒక అవసరము, ఎన్నో ఏళ్ల పొదుపు ఉంటాయి. మా ఇంట్లోనూ అంతే జరిగింది. మేమంతా మామ్మ అని పిలుచుకొనే మా ఇంటి పెద్దావిడకు మూత్రపిండాలు చెడిపోయి, 2021 నుండి వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించవలసి వచ్చింది. ఆసుపత్రి మా ఊరికి 38 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు ఎలాగో బస్సు ఎక్కించినా, నాలుగు గంటలు మిషను మీద ఉండి లేచిన మనిషిని తిరిగి బస్సులో తీసుకురావడం మా వల్ల కాలేదు. ఆటోకు విడతకు రూ. 900 అయ్యేది. నెలకు ఎనిమిది విడతలు. ఆ డబ్బుకు మరికొంత కలుపుకుంటే బ్యాంకు వాయిదా కట్టుకోవచ్చు గదా అనుకున్నాము.

చీటీ పాడిన డబ్బు, దాళ్వా ధాన్యం డబ్బు కలిపి రెండు లక్షలు సిద్ధం చేసుకొని, మిగిలినది బ్యాంకులో అప్పు తీసుకొని 2022 ఆగస్టులో పట్నంలోని ఒక షోరూములో చిన్న కారు కొన్నాము. ఆ షోరూము పేరుగాని, కంపెనీ పేరుగాని ఇక్కడ వ్రాయడం లేదు. ఎవరినో నలుగురిలో నిలబెట్టాలని కాదు, మాకు తెలియక జరిగిన పొరపాట్లు మీకు జరగకూడదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

దండ వేసి పంపారు

ఆ రోజు వారు చేసిన మర్యాద మేము మరచిపోలేము. చల్లటి గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. మాకు కారు చూపించిన కుర్రవాడు మామ్మను చేయి పట్టుకొని తీసుకువెళ్లి, “మామ్మగారూ, మీరు ముందు సీట్లో కూర్చొని చూడండి, కాళ్లు చాపుకోవచ్చు” అన్నాడు. కారుకు దండ వేశారు. అట్టతో చేసిన పెద్ద తాళంచెవి మా చేతికిచ్చి ఫొటో తీశారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ సంతోషంలో పదిహేను కాగితాల మీద సంతకాలు పెట్టాము. ఒక్కటైనా చదవలేదు. ఇంటికి వచ్చి రెండు రోజుల తర్వాత బిల్లు విప్పి చూస్తే, ముందు చెప్పిన దానికంటే రూ. 23,000 ఎక్కువ ఉంది. ‘హేండ్లింగ్ చార్జీలు’ అని రూ. 6,000, మేము అడగని సీటు కవర్లు, మ్యాట్లు మొదలైన వాటికి రూ. 9,000, మిగిలినది ఇన్సూరెన్సులో తేడా. ఫోను చేసి అడిగితే, “అందరికీ అంతేనండి. లోను బండికి ఇన్సూరెన్సు మా దగ్గరే చేయించాలి” అన్నారు. మేము నమ్మాము.

అది నిజం కాదని తర్వాత తెలిసింది. బండికి ఇన్సూరెన్సు ఉండి తీరాలి. అప్పు ఇచ్చిన బ్యాంకు పేరు ఆ పాలసీలో నమోదు కావాలి. అంతవరకే నిబంధన. ఏ కంపెనీ దగ్గర చేయించుకోవాలో నిర్ణయించేది కొనేవారే. కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 2018 సెప్టెంబరు నుండి తప్పనిసరి అయింది. మన సొంత బండికి జరిగే నష్టానికి చేసే పాలసీని మాత్రం ఏడాదికొకటిగా తీసుకోవచ్చు. ఇక హేండ్లింగ్ చార్జీ అనేది ప్రభుత్వం వేసే పన్ను కాదు.

పదికి పది

కారు తెచ్చుకున్న నాలుగో రోజున ఆ కుర్రవాడు ఫోను చేశాడు. “సర్, కంపెనీ వాళ్లు మీకు ఫోను చేస్తారు. అన్నిటికీ పదికి పది ఇవ్వండి. తొమ్మిది ఇచ్చినా నాకు జీతంలో కోత పడుతుంది” అని బ్రతిమాలాడు. ఆ పిల్లవాడి కడుపు మీద కొట్టడం మాకు ఇష్టం లేకపోయింది. కంపెనీవారు అడిగినప్పుడు అన్నీ బాగున్నాయని, బిల్లు విషయం వివరంగా చెప్పారని, పదికి పది అని చెప్పాము. అలా చెప్పడం అబద్ధమని మాకు తెలుసు. చిన్న అబద్ధమే గదా, ఒకరికి మేలు జరుగుతుంది గదా అనుకున్నాము. ఆ మాటే తర్వాత మా మెడకు చుట్టుకుంది.

“ఇది మామూలేనండి”

నవంబరులో వర్షాలు పడినప్పుడు మొదటిసారి కారు నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. పది నిమిషాల తర్వాత తనంతట తానే స్టార్టయింది. సర్వీసు సెంటరుకు తీసుకువెళ్లాము. సాయంత్రం వరకు కూర్చోబెట్టి, బండి కడిగి, “చూశామండి, ఏమీ లేదు. పెట్రోలు బాగాలేదేమో” అన్నారు. రెండోసారి వెళితే డ్రైవింగ్ తెలియక క్లచ్ తప్పుగా వదులుతున్నారన్నారు. మూడోసారి బ్యాటరీ తీగ బిగించామన్నారు. నాలుగోసారి, “కొత్త బండికి ఇది మామూలేనండి, పది వేల కిలోమీటర్లు తిరిగితే సర్దుకుంటుంది” అన్నారు.

ప్రతిసారీ ఒక రోజు కూలి, పెట్రోలు, తిండి ఖర్చు. కారు చూపించిన కుర్రవాడి కోసం అడిగితే అతను మానేశాడన్నారు. అమ్మకాల వారు సర్వీసు వారిని అడగమంటారు. సర్వీసు వారు కంపెనీకి మెయిల్ పెట్టామంటారు. మేనేజరు గారు ఎప్పుడూ మీటింగులోనే ఉంటారు. ఆగస్టులో మాకు కాఫీ ఇచ్చిన గదిలోకే జనవరిలో మమ్మల్ని వెళ్లనివ్వలేదు.

2023 ఫిబ్రవరిలో ఒక రాత్రి మామ్మకు ఆయాసం వచ్చింది. ఒంట్లో నీరు చేరింది. కారులో బయలుదేరాము. సగం దారిలో, కాలువ గట్టు మీద, ఇళ్లు లేని చోట కారు ఆగిపోయింది. అరగంట ప్రయత్నించినా కదలలేదు. మామ్మ ముందు సీట్లో కూర్చొని ఊపిరి అందక కిటికీ అంచు గట్టిగా పట్టుకుంది. 108కు ఫోను చేసి ఎదురు చూస్తూ ఉండగా, రొయ్యల మేత దింపి ఖాళీగా తిరిగి వస్తున్న ఒక ఆటో ట్రాలీ అతను ఆగాడు. వెనుక గోనెసంచులు పరచి మామ్మను పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చాడు. ప్రాణం దక్కింది. డబ్బు ఇవ్వబోతే, “మీ మామ్మ అయితే ఏమిటి, మా మామ్మ అయితే ఏమిటండీ” అని తీసుకోలేదు. మా నుండి ఒక్క రూపాయి తీసుకోని మనిషి చేసిన పని, ఆరున్నర లక్షలు తీసుకున్న వారు చేయలేదని మాకు ఆ రాత్రి చాలా బాధ కలిగింది.

కోపం కాదు, కాగితం

తెల్లవారి మేము షోరూముకు వెళ్లి గట్టిగా కేకలు వేశాము. వారు మా మాట వినలేదు సరిగదా, కంప్యూటర్లో చూసి, “మీరే అన్నీ బాగున్నాయని పదికి పది ఇచ్చారు గదా” అన్నారు. మేము నోరు మూసుకొని వచ్చేశాము.

మా బంధువులలో కోర్టు గుమాస్తాగా పని చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఆయన విషయమంతా విని, “బాబాయి చెప్పాడని కాదు గాని, మీరు నాలుగుసార్లు వెళ్లారన్నారు. కాగితం ఏది?” అని అడిగారు. మా దగ్గర రెండు జాబ్ కార్డులే ఉన్నాయి. వాటిలోనూ ‘జనరల్ చెకప్’ అని ఉందిగాని, బండి ఆగిపోతోందని ఎక్కడా లేదు. అది చూసిన తర్వాత మాకు కళ్లు తెరచుకున్నాయి. నోటితో చెప్పినదేదీ లెక్కలో లేదు.

ఐదోసారి వెళ్లినప్పుడు, “నడుస్తుండగా ఇంజను ఆగిపోతున్నది, ఇది ఐదవసారి” అని మా మాటల్లోనే జాబ్ కార్డులో వ్రాయించాము. వ్రాయకపోతే బండి అప్పగించబోమన్నాము. తర్వాత తేదీలన్నీ వరుసగా వ్రాసి, షోరూముకు, కారు తయారుచేసిన కంపెనీకి వేర్వేరుగా రిజిస్టరు పోస్టులో ఉత్తరాలు పంపాము. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాము. అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ హెల్ప్‌లైన్ కోర్టు కాదు, తీర్పు చెప్పదు. మన ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతుంది. మా విషయంలో అదే పని చేసింది.

పద్దెనిమిది రోజులకు కంపెనీ ఇంజనీరు స్వయంగా వచ్చాడు. రెండు రోజులు బండి నడిపి చూసి, పెట్రోలు పంపుకు వెళ్లే తీగలు కలిసే చోట తడి చేరి తుప్పు పట్టిందని కనిపెట్టాడు. ఆ వైరింగు వారంటీలో ఉచితంగా మార్చారు. ఆ తర్వాత కారు ఒక్కసారి కూడా ఆగలేదు. హేండ్లింగ్ చార్జీ రూ. 6,000 తిరిగి ఇచ్చారు. ఇన్సూరెన్సు తేడా మాత్రం రాలేదు. దాని మీద మా సంతకం ఉంది.

చట్టం ఏమంటున్నది?

1986లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం 2020 జూలై నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం, కారు ఎక్కడ కొన్నా సరే, మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్ సరిపోతుంది. 5 లక్షల వరకు ఫీజు లేదు. 5 నుండి 10 లక్షల వరకు రూ. 200 మాత్రమే. వకీలు తప్పనిసరి కాదు, మన వాదన మనమే చెప్పుకోవచ్చు. అయితే సమస్య ఏర్పడిన నాటి నుండి రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి.

ఇది కార్లకే కాదు. ట్రాక్టరు, మోటారు సైకిలు, మందు కొట్టే పవర్ స్ప్రేయరు, కుట్టు మిషను, దేనికైనా వర్తిస్తుంది. వ్యాపారం కోసం కొన్నవాటికి వర్తించదని అంటారుగాని, స్వయంగా నడుపుకొని బ్రతకడానికి కొన్న ఆటో వంటి వాటికి చట్టం మినహాయింపు ఇచ్చింది.

ఫిర్యాదులో ఎవరి తప్పు ఎంతో విడదీసి వ్రాయడం అవసరం. గోవాలో ఒకాయన 2011లో కొత్త కారుకు డబ్బు కడితే, డీలరు 2009లో తయారై అప్పటికే 622 కిలోమీటర్లు తిరిగిన కారును అంటగట్టబోయాడు. ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. డీలరు చేసిన ఆ పని కంపెనీకి తెలుసునని రుజువు లేనందున కంపెనీ మీద బాధ్యత వేయలేమని 2021లో కోర్టు తీర్పు చెప్పింది. డీలరు మీద బాధ్యత అలాగే నిలిచింది. అమ్మకంలో జరిగిన మోసం వేరు, తయారీలో ఉన్న లోపం వేరు అని దీనివలన గ్రహించాలి.

కొనబోయే వారికి కొన్ని మాటలు

మొదటగా, ధర మొత్తం విడివిడిగా కాగితం మీద వ్రాయించుకొని ఇంటికి తెచ్చుకొని, నిదానంగా చూసుకొన్న తర్వాతే అడ్వాన్సు కట్టండి. “ఈ రోజుతో ఆఫరు అయిపోతుంది” అని తొందరపెడితే, ఆ మాట కూడా కాగితం మీద వ్రాసి ఇమ్మనండి.

అమ్మకపు ధ్రువపత్రమైన ఫారం 21లో బండి తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. అందులోని ఛాసిస్ నంబరును బండి మీది నంబరుతో సరిచూసుకోండి. మీటరు ఎన్ని కిలోమీటర్లు చూపుతున్నదో గమనించండి. వీలైతే పగటి వెలుతురులోనే బండి తీసుకోండి.

సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ జాబ్ కార్డు అడిగి తీసుకోండి, ఫిర్యాదు మీ మాటల్లోనే వ్రాయించండి. ఉచిత సర్వీసు అంటే సాధారణంగా కూలి మాత్రమే ఉచితం, ఆయిలుకు, ఫిల్టరుకు డబ్బు కట్టాలి. ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోండి.

మార్కులు అడిగితే ఉన్నది ఉన్నట్లు చెప్పండి. ఆ కుర్రవాడి మీద జాలి పడడం తప్పు కాదు. అతను మర్యాదగా మాట్లాడాడని చెప్పవచ్చు, బిల్లు వివరించలేదని కూడా చెప్పవచ్చు. రెండూ నిజాలే. అతని పొట్ట కొడుతున్నది మన నిజం కాదు, పదికి తొమ్మిది వచ్చినా జీతం కోసే ఆ పద్ధతి.

మా ఇంట్లో ఇప్పుడు గోడ మేకుకు ఒక గుడ్డసంచి వేలాడుతూ ఉంటుంది. బిల్లులు, జాబ్ కార్డులు, పోస్టాఫీసు రశీదులు అన్నీ అందులోనే. మామ్మ దానికి ‘బుద్ధి సంచి’ అని పేరు పెట్టింది. మొన్న పవర్ స్ప్రేయరు కొనడానికి వెళ్లినప్పుడు, గ్యారంటీ కాగితం చివరి వరకు చదివిన తర్వాతే సంతకం చేశాము. కొట్టు యజమాని కొంచెం విసుక్కున్నాడు. ఫరవాలేదు, విసుక్కోనివ్వండి.