మంచె ఎక్కే మెట్టు

శివరాత్రి కథ వినని తెలుగు ఇల్లు ఉండదు. వేట దొరకని బోయవాడు పొద్దుగూకేసరికి మారేడుచెట్టెక్కి కూర్చున్నాడు. నిద్ర రాకుండా ఆకులు తుంచి కిందికి వేశాడు. కింద శివలింగం ఉన్నదని వాడికి తెలియదు. తెల్లవారేసరికి వాడికి పుణ్యం దక్కింది, లేళ్ళకు ప్రాణం దక్కింది. బాగానే ఉంది. కాని కడుపులో అన్నం లేనివాడు, చేత విల్లుతో, ఆ ముళ్ళచెట్టు చీకట్లో ఎలా ఎక్కాడో, రాత్రంతా జారిపడకుండా ఎలా కూర్చున్నాడో ఏ పౌరాణికుడూ చెప్పడు. మా మార్కాపురం, గిద్దలూరు వైపు ఈ ప్రశ్న అడిగితే ఎవరూ నవ్వరు. చెట్టెక్కి రాత్రి గడపవలసిన వాళ్ళు ఇక్కడ ఇంకా ఉన్నారు.

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం కర్నూలు జిల్లాలోది. పడమట నల్లమల గోడలా నిలిచి ఉంటుంది. గిద్దలూరునుంచి నంద్యాల పోయే రైలు దిగువమెట్ట దగ్గర అడవిలో పడుతుంది. బెంగుళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ (1910–1974) తన పులివేట కథల్లో ఈ దిగువమెట్టకు చోటిచ్చాడు. ఆ రోజుల్లో పులివేట అంటే మంచెమీద జాగరణే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది. ఇప్పుడు ఆ వేట నేరం. తుపాకి దిగిపోయింది గాని మంచె దిగలేదు. అడవి అంచు రైతు అడవిపందులనుంచి పైరు కాపాడుకోవడానికి దానిమీదే కూర్చుంటాడు. తేనెకోసం చెంచు చెట్టెక్కుతూనే ఉన్నాడు.

ఏ చెట్టు?

దోర్నాల వైపు ఒక చెంచు ముసలాయనను, “తాతా, మంచెకు చెట్టు ఎలా చూస్తావు?” అని అడిగాను.

“ముందు పైకి చూడగూడదయ్యవారూ, మొదలు చూడాల. మొదట్లో పుట్టుందా, తొర్రుందా, బెరడు ఊడొస్తుందా చూస్తే సగం తెలిసిపోతాది” అన్నాడు.

తక్కినది కొమ్మల సంగతి. చింతకొమ్మ వంగుతుంది గాని అంత త్వరగా విరగదు. నేరేడుకొమ్మ చూడడానికి లావుగా ఉండి చెప్పకుండా విరుగుతుంది. ఇక మునగ సరేసరి. పొగిడి ముంచడాన్ని మనవాళ్ళు ‘మునగచెట్టు ఎక్కించడం’ అన్నారంటే, ఆ జాతీయం కట్టినవాడు ఆ చెట్టునుంచి ఎవరో పడగా చూసే ఉంటాడు. ఏ చెట్టయినా ఎండుకొమ్మ మెట్టు కాదు. పచ్చికొమ్మమీదనైనా అడుగు మానుకు ఆనుకునే పడాలి. చివరికి పోయినకొద్దీ కొమ్మ బలం తగ్గుతుంది, మన బరువు మాత్రం తగ్గదు గదా!

ఏ మెట్టు?

కొమ్మలు అందని చెట్టుకు మావైపు ఒంటివెదురు కడతారు. కణుపుల దగ్గర కొమ్మలను పూర్తిగా నరకకుండా కాలు ఆనేంత వదిలితే అవే మెట్లు. ఖర్చు లేదు, మోయడం తేలిక. దీనితో చిక్కు ఒకటున్నది. ఒంటివెదురు కాలు పెట్టగానే పక్కకు తిరుగుతుంది. అందుచేత కింద ఒక కట్టు, పైన ఒక కట్టు, పొడుగుదైతే నడుమ మరొకటి తప్పవు. వెదురుకు సన్నని బెజ్జాలుండి పొడి రాలుతూంటే అది పుచ్చిందన్నమాట. నిరుడు మోసింది గదా అని ఈ యేడు నమ్మకూడదు.

అమెరికాలో చట్టసమ్మతంగా జింకలవేట సాగుతుంది. అక్కడా చెట్టుమీదే కూర్చుంటారు. మానులోకి మరలా దిగే ఇనుపమెట్లు, పట్టీతో బిగించే మెట్లు, ఒకదానిపైన ఒకటి అమర్చే నిచ్చెనముక్కలు బజారులో దొరుకుతాయి. మరమెట్టు చెట్టును గాయపరుస్తుంది. మాను లోపల పుచ్చి ఉంటే ఊడివస్తుంది. పట్టీమెట్టు బిగువు తగ్గితే జారుతుంది. ఇన్ని సరంజామాలున్నా అక్కడి వేటగాళ్ళ గాయాలకు ముఖ్యకారణాల్లో చెట్టుమీదినుంచి పడడం ఒకటి. అందులోనూ గండం మెట్టునుంచి మంచెమీదికి మారే క్షణం. కాబట్టి వాళ్ళు చెప్పే సూత్రం మనకూ పనికివస్తుంది: మెట్లు మంచెదాకా కాదు, మంచె దాటి పైదాకా ఉండాలి. అప్పుడు చేతికి పట్టు దొరుకుతుంది, మంచెమీదికి ఎగబాకే పని లేకుండా కిందికి దిగవచ్చు. రెండు చేతులు, రెండు కాళ్ళు — ఈ నాలుగింటిలో మూడు ఎప్పుడూ పట్టు విడవకూడదు. కత్తి, లాంతరు, నీళ్ళకుండ వంటివి చేత పట్టుకుని ఎక్కకుండా, పైకి చేరాక తాడుతో లాక్కోవాలి. నడుముకూ భుజాలకూ వేసుకున్న తాళ్ళపట్టీ నేలమీద కట్టినది మళ్ళీ నేలమీదే విప్పాలి.

తాడు ఎవరి చేతిలో?

కొండచరియకు పట్టిన తేనెపట్టు కోయడానికి చెంచులు తాడుమీద దిగుతారు. పైన ఆ తాటిని కాచేది ఎవరనుకున్నారు? భార్య తమ్ముడో అన్నో, అంటే బావమరిది. అన్నదమ్ములతో ఆస్తి తగాదాలుండవచ్చు. తోబుట్టువు మెడలో పుస్తె తెగాలని మాత్రం ఎవడూ కోరుకోడు. మన పెళ్ళిపాటల్లో బావమరదుల వేళాకోళాలు వినడమే తప్ప, బావమరిదికి ఇంత పెద్ద ఉద్యోగం ఇచ్చిన సమాజాన్ని నేను మరెక్కడా వినలేదు.

తాటిచెట్టెక్కే గీతకార్మికుడికి ఆ ఆసరా కూడా లేదు. ఒక్కడే ఎక్కుతాడు. వాడికి మోకే దిక్కు. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో గీతకార్మికులకు భద్రతా సామగ్రి ఇవ్వడం మొదలుపెట్టింది. తరతరాలుగా పడినవాళ్ళ గోడు అన్నాళ్ళకు ఒక రూపానికి వచ్చిందన్నమాట.

మా అడవి అంచు రైతుకు అలాంటి కవచం పేరైనా తెలియదు. పైరుకు ఎరువు, మందు అప్పుచేసైనా తెస్తాడు. మంచెకు మాత్రం నిరుటి తాడే కడతాడు. పంది తిన్న చేను మరుసటి కారుకు మళ్ళీ పండుతుంది. నడుము విరిగిన మనిషిని ఇంటిల్లిపాదీ జీవితాంతం మోయాలి. కనుక అమ్మలకూ అక్కయ్యలకూ నా మనవి: ఈ సాయంత్రం ఇంటాయన కావలికి బయలుదేరేముందు ఆ తాడు ఒకసారి మీ చేత్తో లాగి చూడండి. నార లేచి ఉంటే ఆ రాత్రికి పంపవద్దు. కోపగించుకున్నా ఫరవాలేదు.