దగ్గరదారి, అడ్డదారి

తెలుగులో దగ్గరదారి అని ఒక మాట ఉన్నది, అడ్డదారి అని మరొక మాట ఉన్నది. రెండును నడక తగ్గించేవే. అయినను దగ్గరదారిన వచ్చినవానిని తెలివిగలవాడంటాము. అడ్డదారిన వచ్చినవానిని అనుమానంగా చూస్తాము. ఈ రెండింటికీ గల భేదం దూరంలో లేదు. దగ్గరదారి మనలను చేరవలసిన చోటికే చేర్చును. అడ్డదారి చేరకుండగనే చేరినట్లు కనిపింపజేయును. ఒకానొక పనిలో శ్రమ తగ్గించుకొన్న మనిషి వీటిలో ఏ దారి పట్టినాడో తేల్చడం మాత్రం అంత సులభం కాదు.

ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా దేశాలలో బీరును ఇంటనే తయారుచేసుకొనే అలవాటు గలవారి మధ్య ఈ తగవు చాలకాలంగా నలుగుతున్నది. ధాన్యం తెచ్చి, నలుగగొట్టి, నానబెట్టి చేసినవాడే చేసినవాడని ఒక పక్షం. డబ్బాలో దొరికే పాకంతో చేసినను బీరు బీరే అని రెండవ పక్షం. మొదటివారు రెండవవారిని చూచి, “మీరు చేయడం లేదు, కలుపుతున్నారు” అని ఎత్తిపొడుస్తారు. ఇది పానాన్ని ప్రశంసించే వ్యాసం కాదు. మన రాష్ట్రాలలో లైసెన్సు లేనిదే ఇట్టి పనిని చట్టం ఒప్పదు కూడ. అయినను ఆ తగవులోని ప్రశ్న విద్య నేర్పేవారికీ నేర్చేవారికీ చాల దగ్గరిది.

ముందు ఆ పని ఏమో తెలుసుకొనవలెను. బార్లీ గింజలను నానబెట్టి మొలకెత్తించి, మొలక పెరగకముందే వేడిగాలిలో ఎండబెడితే మాల్ట్ అవుతుంది. మన ఇండ్లలో రాగులకు మొలక కట్టి పిండి పట్టించే పద్ధతి ఇట్టిదే. మొలకెత్తే సమయంలో గింజలో ఎంజైములు మేలుకొంటవి. ఆ మాల్ట్‌ను బరకగా నలుగగొట్టి, సుమారు 65 నుండి 68 డిగ్రీల సెంటీగ్రేడు వేడిగల నీటిలో గంటసేపు ఉంచితే గింజలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ తీపి రసాన్ని వడగట్టి, హాప్స్ అనే తీగ పూలు వేసి గంటసేపు మరిగిస్తారు. చేదును, సువాసనను ఇచ్చేవి ఆ పూలే. పిదప రసాన్ని త్వరగా చల్లార్చి ఈస్టు కలుపుతారు. అది ఒకటి రెండు వారాలలో చక్కెరను తిని, మద్యసారాన్ని, బొగ్గుపులుసు వాయువును విడుస్తుంది. రసం చేసేవాడు మనిషి, బీరు చేసేది ఈస్టు అని ఆ వృత్తివారిలో ఒక మాట ఉన్నది.

గింజతో మొదలుపెడితే పొయ్యివద్ద అయిదారు గంటల పని. అందుచేత కర్మాగారాలలో ముందే ఆ తీపి రసం తీసి, నీరు ఇగిర్చి, తేనెవంటి పాకంగానో పొడిగానో అమ్ముతారు. దానిని నీటిలో కలిపి, హాప్స్ వేసి మరిగిస్తే పని సగానికి తగ్గును. ఇంకొక మెట్టు దిగితే, హాప్స్ చేదు కూడ కలిపిన పాకం డబ్బాలో వచ్చును. వేడినీరు, చక్కెర, పొట్లంలోని ఈస్టు చేర్చితే 23 లీటర్లు సిద్ధమగును. నేడు పొట్లం వేసి మీట నొక్కితే తక్కినదంతయు తానే చూచుకొనే యంత్రాలు కూడ వచ్చినవి.

ఈ పాకానికి మంచి పేరు లేకపోవడానికి చరిత్రలోనే కారణమున్నది. అమెరికాలో 1920 నుండి 1933 వరకు మద్యనిషేధం అమలులో ఉన్నది. ఆ కాలంలో బీరు కంపెనీలు మాల్ట్ పాకాన్ని రొట్టెల తయారీకని చెప్పి అమ్మినవి. కొన్నవారిలో ఎందరు రొట్టెలు కాల్చినారో ఊహింపవచ్చును. నిషేధం పోయిన తరువాత కూడ ఇంట బీరు చేయుట అక్కడ చట్టవిరుద్ధంగానే నిలిచినది. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టరు సంతకం చేసిన చట్టం వలన 1979 ఫిబ్రవరి నుండి దానికి అనుమతి వచ్చినది. ఇంగ్లండులో 1880లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం పెట్టిన లైసెన్సును 1963లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ తొలగించినాడు. ఆపైన డబ్బాలు అంగళ్ళలో విరివిగా దొరికినవి. చవుకకు ఆశపడి చక్కెర ఎక్కువగా కలిపి పలుచని బీరు చేసినవారివలన ఆ పద్ధతికే అపకీర్తి వచ్చినది. తప్పు పాకానిది కాకపోయినను నింద దానికే తగిలినది.

ఇక మొదటి పక్షంవారి మాట పరిశీలింతము. మొదటినుండి చేయడమంటే ఎక్కడినుండి? గింజతో మొదలుపెట్టినామనేవారిలో బార్లీని స్వయంగా మొలకెత్తించేవారు బహు అరుదు. అది దాదాపు వారం దినాల పని. మాల్ట్‌ను కొనే తెస్తారు. హాప్స్ కొంటారు. ఈస్టు కూడ కొంటారు. బవేరియాలో 1516లో వెలువడిన ప్రసిద్ధ శాసనం బీరులో బార్లీ, హాప్స్, నీరు తప్ప మరేదియు ఉండరాదన్నది. అందులో ఈస్టు పేరే లేదు. అది జీవమని నాటివారికి తెలియదు. పులియడం సూక్ష్మజీవుల పని అని పందొమ్మిదవ శతాబ్దంలో పాస్టరు నిరూపించినాడు. 1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ ఒకే ఈస్టు కణం నుండి శుద్ధమైన పెంపకం తీసినాడు. నేటి ఈస్టు పొట్లం ఆ పరిశోధనకు వారసురాలు. బ్రస్సెల్సు ప్రాంతంలో నేటికీ కొందరు రసాన్ని తెరచిన తొట్టెలలో రాత్రంతా ఉంచి, గాలిలోని ఈస్టును ఆహ్వానిస్తారు. వారు తప్ప తక్కినవారెవ్వరును నిజమైన తయారీదారులు కారందామా? పొరుగింటినుండి తోడు తెచ్చి పాలలో వేసినంతమాత్రాన ఆ పెరుగు మన ఇంటిది కాకపోదు గదా!

మరొక సంగతి. ఒకప్పుడు ఇంగ్లండులో నీటి వేడిని కంటితో తూచేవారు; ఆవిరి విచ్చి నీటిలో తన ముఖం కనిపించినపుడు అది గింజకు తగిన వేడి అనుకొనేవారు. పదునెనిమిదవ శతాబ్దంలో ఉష్ణమాపకం వచ్చినపుడు పాతవారు దానిని ఈసడించినారు. హాంప్‌షైరులోని ఆల్టన్ పట్టణపు జేమ్స్ బేవర్‌స్టాక్ తన తండ్రి చూడకుండ దానిని వాడవలసి వచ్చినది. నేడు ఉష్ణమాపకం లేనివానినే జనం తెలియనివాడంటారు. ఒక తరానికి దొంగతనమైన సౌకర్యం మరు తరానికి శాస్త్రమైనది.

అంతమాత్రాన సౌకర్యాలన్నియు సమానమేయని నేననను. మొదటి పక్షంవారి వాదంలో బలమైన భాగమొకటి ఉన్నది. గింజను తక్కువ వేడిలో నానబెడితే చక్కెరలో ఎక్కువ భాగం ఈస్టుకు అందును, బీరు తేలికగా వచ్చును. నాలుగైదు డిగ్రీలు పెంచితే ఈస్టు తినలేని చక్కెరలు మిగిలి బీరు చిక్కగా ఉండును. ఈ ఎంపిక తయారీదారు చేతిలోని ముఖ్యమైన పగ్గం. పాకం కొన్నవాని చేతిలో అది లేదు. కర్మాగారంలో ఎవరో ఆ నిర్ణయం ముందే చేసి డబ్బాకు మూత వేసినారు. ఆ భాగం తనదని అతడు చెప్పుకొనరాదు.

కాని మిగిలినదో? పాత్రలు శుభ్రంగా లేకపోతే రసం పులిసి చెడును. వేడి హెచ్చినచోట ఉంచితే ఘాటైన వాసనలు పుట్టును. పులియడం ముగియకముందే సీసాలకెత్తితే అవి పగిలిపోవును. వీటిలో దేనినీ డబ్బా చూచుకొనదు. అందుచేత నాకు తోచిన గీటురాయి ఇది: పని చెడినపుడు ఎందుకు చెడెనో చెప్పగలవాడు, మరల చేసినపుడు దిద్దుకోగలవాడు చేసినవాడే. చెడితే కంపెనీని తిట్టడం తప్ప మరేమీ ఎరుగనివాడు కొన్నవాడు. పాకంతో చేసే బీరు ఈ గీటురాయికి నిలుచును. మీట నొక్కే యంత్రం దగ్గర మాత్రం మనకు సందేహం మిగులును.

మన ఇడ్లీని తలచుకొనండి. రుబ్బురోలు పోయి గ్రైండరు వచ్చినది. శ్రమ పోయినది గాని పప్పు ఎంత నానవలెనో, పిండి ఎంత నురుగు రావలెనో చూచే కన్ను పోలేదు. తరువాత అంగటి ఇడ్లీరవ్వ వచ్చినది. రవ్వ మనది కాకపోయినను చలికాలపు రాత్రి పిండిగిన్నెను ఎక్కడ పెట్టవలెనో ఎరిగినది ఇల్లాలే. పులిసిన పిండినే పొట్లంగా కొన్ననాడు మిగిలినది ఆవిరి పట్టడం. అదీ వంటే; కాని దానిని పిండి కలపడమని చెప్పరాదు.

చదువులోనూ ఇట్లే. పద్యం ఎదుట నిఘంటువు తెరచిన విద్యార్థి ఉష్ణమాపకం వాడినవాడు. పదవిభాగం చేసి ఇచ్చిన పాఠంతో మొదలుపెట్టి, అన్వయం తాను కుదుర్చుకొన్నవాడు పాకంతో మొదలుపెట్టినవాడు. వానిని చిన్నచూపు చూడరాదు. అమెరికాలో చార్లీ పపేజియన్ 1984లో ప్రకటించిన ఇంటి బీరు గ్రంథం కొత్తవారిని పాకంతోనే మొదలుపెట్టించి, తరువాత గింజ దగ్గరకు తీసికొనిపోయినది. ప్రవేశద్వారం ఎత్తు తగ్గించడం ఇల్లు కూల్చడం కాదు. గైడులోని తాత్పర్యాన్ని బట్టీపట్టి ప్రశ్నపత్రంపై దించినవాడున్నాడే, వానిది వేరు సంగతి. ప్రశ్న కొంచెం మార్చి అడిగిన వెంటనే వానికి నోట మాట రాదు. ఎక్కడ తప్పినదో వానికే తెలియదు.

కాబట్టి ఉపాధ్యాయుడు శిష్యుని దారి ఎంత పొడుగని అడుగనక్కరలేదు. ఇందులో నీవు నిర్ణయించినదేమి, తెచ్చుకొన్నదేమి అని అడుగవలెను. శిష్యుడు రెంటినీ విడదీసి చెప్పగలిగితే చాలును. ఏడాది తరువాత అదే ప్రశ్న మరల అడిగినపుడు మొదటి జాబితా కొంచెం పెరిగియుండవలెను.