తెలుగు ముద్రాక్షర విన్యాసము : మూడు పురనామముల పరిశీలనము

అచ్చక్షరములను ఎన్నుకొని, వానిని పదములుగను పంక్తులుగను పుటలుగను అమర్చు విద్యకు పాశ్చాత్యులు టైపోగ్రఫీ యని పేరిడిరి. దీనిని మే మీ వ్యాసమున ముద్రాక్షర విన్యాస మని వ్యవహరించుచున్నాము. రూపకల్పన నభ్యసించు విద్యార్థులకు నేడిది తొలిపాఠము. అయితే ఆ పాఠమునందలి పరిభాషయు, ఉదాహరణములును దాదాపుగ రోమను లిపి నాశ్రయించినవే. పెద్ద యక్షరము, చిన్న యక్షరము, వాలు టక్షరము అను భేదములతో శిక్షణ పొందిన విద్యార్థి తెలుగు పలక నొకదానిని కూర్ప బూనినపుడు ఆ కొలబద్దలు చేతికి రావు. తెలుగున పెద్ద చిన్న యక్షరముల భేదము లేదు. వాలు రూపము మన లేఖన సంప్రదాయమున పుట్టినది కాదు. కావున ఈ విద్యకు తెలుగు లిపియొద్దనే మొదలిడవలె నని మా యభిప్రాయము. భాషాశాఖల యందలి అధ్యాపకులు ఈ బోధనము తమ పని కాదని యూరకుండుట తగదు. అక్షర స్వరూపము నెరిగినవారు తొలగి యుండిన, ఎరుగనివారే నిర్ణేత లగుదురు.

ఉదాహరణములకై దూరము పోనక్కరలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అను మూడు పేర్లు చాలును. మొదటి రెండును హైదరాబాదు నుండి విజయవాడకు పోవు జాతీయ రహదారిపై నున్నవి. 2010 వరకు 9వ సంఖ్య గల యా మార్గమునకు నేడు 65వ సంఖ్య. మిర్యాలగూడ నుండి హుజూర్‌నగరు మీదుగ వచ్చు మార్గము కోదాడయొద్ద దానిని కలియును. బస్సుల నొసటను, రహదారి పలకలపైనను, దుకాణముల ముంగిటను, బియ్యపు సంచులమీదను ఈ పేర్లు నిత్యము కనబడుచుండును. ఒక్కొక్క పేరును విప్పి చూచినచో తెలుగు లిపి లక్షణములలో ముఖ్యమైనవి పెక్కులు బయల్పడును.

మొదట తలకట్టు. హల్లుపై నిలుచు నీ గుర్తు స్థిరమైన దని తలచుట పొరపాటు. సూర్యాపేటలో అది సూ యందు మాత్రమే నిలిచినది. ర్యా యందు దీర్ఘమునకును, పే యందు ఏత్వమునకును చోటిచ్చి తొలగినది. ట కది సహజముగనే లేదు. కోదాడలో కో, దా లు రెండును దానిని పోగొట్టుకొనగా డ ఒక్కటియే నిలుపుకొనినది. మిర్యాలగూడలో గూ, డ లకు తలకట్టు కలదు; ల కెన్నడును లేదు. అనగా పదము యొక్క పై యంచున ఒకచో తలకట్టు, ఒకచో గుడి, ఒకచో దీర్ఘము, ఒకచో ఏమియు లేమి. రోమను లిపిని చదువువాడు చిన్న యక్షరముల సమానమైన యెత్తును ఆధారముగ గొనును. దేవనాగరి చదువువానికి శిరోరేఖ ఆధారము. తెలుగు చదువరికి ఈ రెండును లేవు. పై యంచున మారుచుండు నీ గుర్తులే అతనికి దారి చూపును. అందుచేత తలకట్టును, గుడిని, దీర్ఘమును సన్నగిల్లజేసి మధ్యభాగమును లావు చేసిన ఫాంటు చూచుట కెంత సొంపుగ నున్నను చదువుటకు పనికిరాదు.

ఇక మధ్యభాగము. ప, వ లకు భేదము ఎడమవంపు తెరచియుండుటయో ముడివడుటయో అనునంత మాత్రమే. సిరా చెదరి యా యెడము పూడిన నాడు సూర్యాపేట 'సూర్యావేట' యగును. ద, డ లకు భేదము లోపలి వంపునందే కలదు. కోదాడ యను మూడక్షరముల చిన్న పేరులో ఆ రెండును ప్రక్కప్రక్కనే నిలిచి ముద్రాపకుని పరీక్షించుచున్నవి. మ యును కొమ్ముతో కూడిన వ యును పోలియుండుట బడిపిల్లల కెల్లరకు తెలిసినదే. కావున అక్షరగర్భమందలి తెల్లని చోటును కూడ అక్షరభాగముగనే గణింపవలెను. లావక్షరము కావలె నన్నప్పుడు ఉన్న గీతలను యంత్రముచే బలియజేయుట కాక, గర్భము పూడకుండ అక్షరము వెడల్పును పెంచి వేరుగ చిత్రింపవలెను. మిర్యాలగూడ ధాన్యపు మిల్లులకు ప్రసిద్ధి. అచటి నుండి వెడలు సంచులు ప్లాస్టికు పోగులతో నేసినవి. నేతగళ్ల మీద సన్నగీత తెగిపోవును, లావుగీత అలుకుకొనును. గీత లావును తెల్లని యెడమును తూచి నిర్ణయించు నేర్పునకు ఆ సంచికంటె మంచి పరీక్షాస్థలము మా కెరుక లేదు.

మూడవది క్రిందిభాగము, తెలుగునకు కడు ముఖ్యమైనది. ర్యా యందలి యవత్తు ర క్రింద మొదలై కుడివైపునకు సాగి పైకి లేచును. వత్తులు కొన్ని యిట్లు ప్రక్కకు సాగును. కొన్ని నేరుగ క్రింద నిలుచును. క్రావడి యెడమనుండి అక్షరమును చుట్టుకొనును. 'రాష్ట్రము' వంటి పదమున రెండు వత్తులొక చోట చేరును. కనుక తెలుగు పంక్తికి పై గుర్తులకొక పట్టె, అక్షరమున కొక పట్టె, వత్తుల కొక పట్టె కావలెను. జంట వత్తులకు ఇంకను లోతు కావలెను. ఆంగ్లమున 12 పాయింట్ల అక్షరమునకు పంక్తికి పంక్తికి నడుమ 14 పాయింట్లు చాలునని చెప్పుదురు. పాయింటనగా అంగుళములో 72వ వంతు. ఆ కొలతనే తెలుగున కన్వయించినచో పై పంక్తిలోని ర్యా యొక్క వత్తు క్రింది పంక్తిలోని కో యొక్క ఓత్వమును తాకును. 12 పాయింట్ల తెలుగునకు 17 లేక 18 పాయింట్ల యెడము నీయవలె నని మా మతము. కాగితము పొదుపునకై పంక్తుల నిరికించి, పిమ్మట అక్షరమును పెద్దది చేసి చదువరిని సంతృప్తి పరుపజూచుట కంటె, అక్షరము నొకింత తగ్గించి యెడము పెంచుటయే మేలు.

ఈ ర్యా ను గూర్చి ఒక విశేషము చెప్పవలసి యున్నది. పంతొమ్మిదవ శతాబ్ది ముద్రణములలో 'ర్య' కు నేటి రూపము నియతము కాదు. య ను ముందు వ్రాసి, రేఫమునకు గుర్తుగ కుడివైపున తెలుగు తొమ్మిదవ యంకెను పోలిన వలపలగిలక నుంచెడివారు. ఆ పద్ధతిని సూర్యాపేట 'సూయా౯పేట' యగును. కన్నడమున ఈ యాచారము నేటికిని నిలిచినది. ప్రాచీన ముద్రణములను పరిష్కరించు పరిశోధకులు గిలకను అంకెగ భ్రమపడ కుండుటకు ఈ సంగతి తెలిసి యుండవలెను. సూర్యాపేటకు సమీపమున పిల్లలమర్రియందు శకవర్షము 1117, అనగా క్రీ.శ. 1195 నాటి శాసనమును, శకవర్షము 1130, అనగా 1208 నాటి గణపతిదేవుని కాలపు శాసనమును కలవు. అవి తెలుగు కన్నడములు రెండును ఒకే లిపిలో వ్రాయబడుచున్న నాటివి. తాటియాకు చీలకుండుటకై మన యక్షరములు గుండ్రబడిన వని వాడుక. రాతికి చీలుట యను భయము లేకున్నను శిల్పి యులి ఆ గుండ్రదనమునే అనుసరించినది. విద్యార్థులు పిల్లలమర్రికి పోయి, శాసనాక్షరములను చేతితో కాగితముపై దించుకొనుట నెలనాళ్ల ఉపన్యాసముల కంటె మేలు.

ముద్రణ చరిత్రను గూర్చి కొలదిగ చెప్పుదుము. తెలుగు పుస్తకములు తొలుత అచ్చయినది జర్మనీలోని హాలే నగరమున, 1746-47 లలో, బెంజమిన్ షుల్జ్ పూనికచే. శ్రీరాంపురమున కేరీ వ్యాకరణము 1814 లోను, మద్రాసున కాంబెల్ వ్యాకరణము 1816 లోను వెలువడెను. వావిళ్లవారి ముద్రణాలయము 1854 లో స్థాపితమైనది. నిజాము రాష్ట్రమున 1922 లో నల్లగొండ నుండి నీలగిరి పత్రికయు, ఇనుగుర్తి నుండి తెనుగు పత్రికయు బయలుదేరినవి. సురవరం ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక 1926 లో ప్రారంభమైనది. సీసపు అక్షరముల కాలమున గుణింతములకు, వత్తులకు వేర్వేరుగ పోతపోసిన దిమ్మెలు వందలకొలది కావలసి యుండెను. కంపోజిటరు చేయి ఏ గడిలో ఏ యక్షర మున్నదో చూడకయే ఎరుగును. ఆ చేతి కున్న జ్ఞానము గ్రంథస్థము కాకయే చాలవరకు పోయినది. ఇది మనము తీర్చుకొనలేని నష్టము.

కంప్యూటరు వచ్చిన పిమ్మట దిమ్మెల బాధ తీరినది గాని వేరొక చిక్కు వచ్చిపడినది. అను ఫాంట్ల వంటి తొలినాటి సాధనములు తెలుగు గుర్తులను రోమను అక్షరముల సంకేత స్థానములలో నిలిపినవి. తెరపై తెలుగు కనబడును; యంత్రము స్మృతిలో మాత్రము రోమను సంకేతములే యుండును. ఆ ఫాంటు లేని యంత్రమున వ్యాసమును తెరచిన అర్థరహితమైన రోమను అక్షరముల ప్రోవు కనబడును. వెదకిన పదము దొరకదు. యూనికోడు ఆరంభ ప్రమాణమైన 1991 నాటి కూర్పుననే తెలుగునకు స్థానము కలిగినది. దాని పద్ధతి వేరు. ఉచ్చారణ క్రమముననే సంకేతములు నిలుచును: స, కొమ్ముదీర్ఘము, ర, పొల్లు, య, దీర్ఘము, ప, ఏత్వము, ట అని సూర్యాపేటకు 9, కోదాడకు 5, మిర్యాలగూడకు 10. వీనిని కూర్చి ర్యా యను రూపము నిచ్చు పని ఫాంటులోని నియమములది. భాష ఒకచోట, రూపము వేరొకచోట. ఫాంటు మారినను పాఠము చెడదు. పరిశోధక విద్యార్థులు ఈ విషయమున ఉపేక్ష వహింపరాదు. పాత సంకేతములలో కూర్చిన సిద్ధాంతవ్యాసము ముప్పదియేండ్లకు చదువరాని దగుట సంభవము. పాత ఫాంట్లు చేతనున్నప్పుడే దానిని యూనికోడులోనికి మార్చి, వత్తుల నన్నిటిని కంటితో సరిచూచుకొనవలెను.

ఫాంట్ల కొరత పూర్వమంతగ లేదు. సురన్న, మల్లన్న, రామభద్ర, సురవరం మొదలగునవి ఉచితముగ లభించుచున్నవి. 2015 లో మూర్తి గ్రంథమాలవారు మనుచరిత్రమును ఆంగ్లానువాదముతో ప్రకటించినపుడు జాన్ హడ్సన్, ఫియోనా రాస్ అనువారు తీర్చిన తెలుగు అక్షరములు ఆ మాలకు వాడబడినవి. పద్యపుటను ఎట్లు కూర్పవచ్చునో చూడగోరువారు ఆ గ్రంథమును తిరుగవేయుదురు గాక. కాని శీర్షికకై గీచిన ఫాంటును పుస్తకపాఠమునకు వాడుట మనవారిలో తరచు. నుదుట బొట్టుగ నుండవలసినదానిని ముఖమంతట పూసికొనుట వంటి దది.

రహదారి పలక యొద్ద ఈ దోషములు కేవలము సొంపునకు సంబంధించినవి కావు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు వాహనము క్షణమునకు 22 మీటర్లకు పైగ సాగును. మూడు క్షణములలో సుమారు 67 మీటర్లు. కోదాడయొద్ద ఏ ప్రక్కకు మరలవలెనో ఆ మూడు క్షణములలోనే చోదకుడు నిశ్చయించుకొనవలెను. ఆంగ్లము చదువనేరని చోదకునకు తెలుగు పంక్తియే శరణము. ఆంగ్లమునకు చోటిచ్చి మిగిలిన సందులో తెలుగు నిరికించుటకై అక్షరములను నిలువున నొక్కినపుడు మొదట చెడునవి గుడియు దీర్ఘమును వత్తును. ఫ్లెక్సీ పలకలపై దీనికి విపరీతము: చోటు నింపుటకై అక్షరములను అడ్డముగ సాగదీయుదురు. అట్లు సాగదీసిన నిలువుగీతలు లావెక్కును, అడ్డుగీతలు యథాప్రకారముండును. అక్షరమున నెల్లెడల సమముగ నుండవలసిన గీత రెండు తీరుల పాలగును. వెడల్పు కావలసినచో వెడల్పుగ చిత్రించిన ఫాంటు నెన్నుకొనవలెను, లేదా అక్షరముల చుట్టును ఖాళీ వదలవలెను. మిర్యాలగూడ రైలు స్టేషనున పసుపు పలకపై నల్లని తెలుగక్షరములు దూరమునుండియే చదువ నగుటకు రంగుల భేద మొక కారణము, చుట్టు నున్న ఖాళీ వేరొక కారణము.