ఐల్ ఆఫ్ మాన్: రాజు ఒకడే, రాజ్యాలు వేరు

ఇంగ్లండ్‌కూ ఐర్లండ్‌కూ మధ్య, ఐరిష్ సముద్రంలో 572 చదరపు కిలోమీటర్ల చిన్న దీవి ఐల్ ఆఫ్ మాన్. జనాభా 84 వేలు. స్థానికుల చేతిలో ఉండేది బ్రిటిష్ పాస్‌పోర్టే కాబట్టి, దాని చట్టపరమైన హోదా గురించి చాలామంది పొరబడుతుంటారు.

అపోహ: అది బ్రిటన్‌లో ఒక జిల్లా లాంటిది.

వాస్తవం: ఆ దీవి యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం కాదు. 1765లో అథోల్ ప్రభువుల నుంచి 70 వేల పౌండ్లకు పాలనాధికారం కొన్నప్పుడు అది రాచరికానికి దఖలు పడింది. ఇప్పటికీ అక్కడ బ్రిటన్ రాజు హోదా ‘లార్డ్ ఆఫ్ మాన్’. లండన్ పార్లమెంటులో దీవికి ఒక్క సీటూ లేదు.

అపోహ: చట్టాలన్నీ లండన్ నుంచే వస్తాయి.

వాస్తవం: దీవికి సొంత పార్లమెంటు ఉంది, పేరు టిన్‌వాల్డ్. ఆస్తి ఉన్న పెళ్లికాని స్త్రీలకూ వితంతువులకూ 1881లోనే ఓటిచ్చింది. బ్రిటన్‌లో స్త్రీలు పార్లమెంటు ఓటు కోసం 1918 దాకా ఆగాల్సి వచ్చింది. ఏటా జూలై మొదటి వారంలో సెయింట్ జాన్స్ గ్రామంలో నాలుగంచెల మట్టిదిబ్బ మీద సభ తీరుతుంది. దారంతా తుంగ పరుస్తారు. కొత్త చట్టాల సారాంశాన్ని ఇంగ్లిషులోనూ మాంక్స్ భాషలోనూ జనం ఎదుట చదువుతారు. పద్దెనిమిది నెలల్లోగా అలా ప్రకటించని చట్టం చెల్లకుండా పోతుంది.

అపోహ: అయితే స్వతంత్ర దేశమే!

వాస్తవం: అదీ కాదు. రక్షణ, విదేశీ వ్యవహారాలు లండన్ చేతిలో ఉన్నాయి. 1967లో, దీవి తీరంలో లంగరేసిన ఓడ నుంచి రేడియో కరోలిన్ అనే లైసెన్సు లేని స్టేషన్ ప్రసారాలు సాగుతున్నప్పుడు, వాటిని అడ్డుకునే బిల్లుకు దీవి ప్రజాప్రతినిధులు ఒప్పుకోలేదు. లండన్ రాజాజ్ఞ ద్వారా తన చట్టాన్ని దీవికీ వర్తింపజేసింది. అధికారం చివరికి ఎవరి దగ్గరుందో ఆ రోజు దీవి జనానికి తెలిసొచ్చింది.

అయితే బాధ్యత కూడా లండన్‌దే. 1972లో పదిహేనేళ్ల కుర్రాడికి దీవి చట్టం ప్రకారం మూడు బెత్తం దెబ్బలు కొట్టారు. కేసు స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లింది. ఆ శిక్ష మనిషిని కించపరిచేదేనని 1978లో తీర్పు వచ్చింది. శిక్ష వేసింది దీవి. బోనులో నిలబడింది మాత్రం యునైటెడ్ కింగ్‌డమ్.

అపోహ: బ్రెగ్జిట్‌తో దీవి కూడా ఐరోపా సమాఖ్య నుంచి బయటికొచ్చింది.

వాస్తవం: అసలు దీవి అందులో సభ్యురాలే కాదు. బ్రిటన్ చేరినప్పుడు కుదిరిన ప్రత్యేక ఒప్పందంతో దీవి సరుకులు సుంకం లేకుండా ఐరోపాకు వెళ్లేవి. 2016 రెఫరెండంలో దీవి ఓటింగ్ ప్రాంతం కాదు. బ్రిటన్ వైదొలగడంతో ఆ ఒప్పందం కూడా పోయింది. అభిప్రాయం చెప్పే వీలే లేని నిర్ణయానికి దీవి కట్టుబడాల్సి వచ్చింది.