అస్తిత్వం, అసమానత, సామాజిక న్యాయం: అపోహలు – వాస్తవాలు

కులం, తెగ, లింగం, మతం, వృత్తి వంటి వాటితో మనిషికి సమాజంలో ఏర్పడే గుర్తింపును సమాజశాస్త్రం అస్తిత్వం అంటుంది. ఆ గుర్తింపును బట్టి భూమి, చదువు, గౌరవం, అధికారం కొందరికి అంది, కొందరికి అందకపోవడమే సామాజిక అసమానత. 2016లో ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల అనుభవం ఈ విషయంలో పాతుకుపోయిన కొన్ని అపోహలను సరిచేస్తుంది.

అపోహ 1: వెట్టిచాకిరీకి కారణం పేదరికమే.

వాస్తవం: నిజాం కాలపు తెలంగాణలో ఎవరు ఏ వెట్టి చేయాలో కులమే నిర్ణయించేది. చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టివ్వాలి. కాస్త కలిగిన రైతు కూడా ముందు దొర పొలం దున్నాకే తన పొలంలో నాగలి కట్టాలి. అంగడి నడిపే వ్యాపారి సైతం దొర గడీకి సరుకులు పంపాలి. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తిలో రజక (చాకలి) కులానికి చెందిన చాకలి ఐలమ్మ కౌలు భూమి సాగుచేస్తే, విసునూరు దేశ్‌ముఖ్ ఆ పంటను, భూమిని లాక్కోవాలని చూశాడు. దొరల దోపిడీని ఎదిరించిన ఆంధ్ర మహాసభ (సంఘం) కార్యకర్తల అండతో ఆమె పంటను ఇంటికి చేర్చింది. ఈ ఘర్షణలో తిండిగింజలతో పాటు, చాకలి కులపు స్త్రీకి సొంత సాగు ఉండవచ్చా అన్న ప్రశ్న కూడా ఉంది. 1946 జులై 4న అదే ప్రాంతంలోని కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య దొర మనుషుల కాల్పులకు బలి కావడంతో తెలంగాణ రైతాంగ పోరాటం ఉధృతమైంది.

అపోహ 2: గిరిజనులంతా ఒక్కటే; ఎస్టీ గుర్తింపు పుట్టుకతో వచ్చే మార్పులేని లక్షణం.

వాస్తవం: మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా ఎస్టీలే. వారిలో లంబాడాలు, కోయలు ప్రధాన సమూహాలు. కోయ భాష ద్రావిడ కుటుంబానిది, లంబాడాల గోర్ బోలి ఇండో ఆర్య భాష. ఆవాసం, చరిత్ర, భూమితో సంబంధం కూడా వేరువేరు. తెలంగాణ ప్రాంతంలో లంబాడాలకు ఎస్టీ హోదా ఎస్సీ, ఎస్టీ జాబితాల 1976 సవరణ చట్టంతో వచ్చింది. అదే సమూహం కర్ణాటకలో ఎస్సీ జాబితాలో, మహారాష్ట్రలో విముక్త జాతుల జాబితాలో ఉంది. అంటే ఈ హోదాను నిర్ణయించింది రక్తం కాదు, చట్టం.

అపోహ 3: భూగర్భ గనుల్లో ఆడవాళ్లు కనిపించకపోవడానికి కారణం వారి అనాసక్తి, అశక్తత.

వాస్తవం: భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనులున్నాయి. 1952 గనుల చట్టంలోని 46వ సెక్షన్ స్త్రీలను భూగర్భంలో పనికి పెట్టుకోవడాన్నే నిషేధించింది. 2019లో కేంద్రం కొన్ని షరతులతో సాంకేతిక, పర్యవేక్షక, నిర్వహణ పనులకు మినహాయింపు ఇచ్చింది. దశాబ్దాల పాటు తలుపు మూసి ఉంచి, లోపలికి రాలేదని స్త్రీలనే తప్పుపట్టడం వ్యవస్థ లోపాన్ని వ్యక్తుల మీదికి నెట్టడమే.

అపోహ 4: రిజర్వేషన్లు పేదరిక నిర్మూలన పథకం, రిజర్వుడు నియోజకవర్గంలో ఆ వర్గం వాళ్లే ఓటు వేస్తారు.

వాస్తవం: రాజ్యాంగంలోని 16(4) అధికరణం అడిగేది ఉద్యోగాల్లో తగిన ప్రాతినిధ్యం ఉందా లేదా అని. ఆదాయం ప్రాతిపదికగా 10 శాతం కోటా 2019లో 103వ సవరణతో విడిగా వచ్చింది. ఇక మహబూబాబాద్ లోక్‌సభ స్థానం ఎస్టీలకు కేటాయించినదే అయినా అక్కడ ఓటు అన్ని కులాలవారిదీ. అభ్యర్థి మాత్రమే ఎస్టీ అయి ఉండాలి. 1932 పూనా ఒప్పందం, ఆ వర్గం వాళ్లే ఓటు వేసే ప్రత్యేక నియోజకవర్గాలకు బదులు ఈ ఉమ్మడి ఓటు పద్ధతికే దారి వేసింది.

అపోహ 5: ఎస్సీ కులాలన్నీ సమానమే; ఎస్సీ కోటాను కులాల గ్రూపుల వారీగా పంచే వర్గీకరణ వారిని చీల్చడానికే.

వాస్తవం: కుల వ్యవస్థను మెట్లమెట్ల అసమానతగా అంబేడ్కర్ వివరించారు. ఆ మెట్లు అణగారిన కులాల మధ్య కూడా ఉన్నాయి. రిజర్వేషన్ ఫలాలు తమకు సమంగా అందడం లేదంటూ 1994లో మాదిగ దండోరా ఉద్యమం మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన వర్గీకరణను 2004లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చి, ఉపవర్గీకరణ అధికారం రాష్ట్రాలకు ఉందని తేల్చింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణ 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేసి, 15 శాతం ఎస్సీ కోటాను 1, 9, 5 శాతాలుగా పంచింది. మొత్తం కోటా మారలేదు. లోపలి పంపిణీ మాత్రమే మారింది.